బ్రిటిష్ పాస్‌పోర్టు ఫారం మీద ఎవరి సంతకం చెల్లుతుంది? గజిటెడ్ ఆఫీసరే కావాలా?

అడిగినావిడ పరిస్థితి క్లుప్తంగా ఇదీ. పాప లండన్‌లో పుట్టింది, బ్రిటిష్ పాస్‌పోర్టు ఉంది. కుటుంబం తిరిగొచ్చి బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటోంది, వచ్చి ఏడాది దాటింది. పాపకు ఐదేళ్లు నిండబోతున్నాయి, పాస్‌పోర్టు గడువు అయిపోవస్తోంది. రెన్యువల్ ఫారంలో మిమ్మల్ని ఎరిగినవాళ్లెవరైనా కౌంటర్ సిగ్నేచర్, అంటే సాక్షి సంతకం, పెట్టాలని ఉంది. ఆవిడ దృష్టిలో నలుగురున్నారు: ఇంట్లోనే ఉండే మామగారు (ఈయన రిటైర్డ్ తహసీల్దారు), పాపను చూసే పిల్లల డాక్టరు, ఐదొందలు ఇస్తే చేసిపెడతానన్న నోటరీ, తిరుపతిలో ఇంజనీరింగ్ కలిసి చదివి ఇప్పుడు మారతహళ్లిలో ఒక ప్రైవేటు కంపెనీలో మేనేజరుగా ఉన్న స్నేహితురాలు. "స్నేహితురాలు మామూలు ప్రైవేటు ఉద్యోగి కదండీ, ఆమె సంతకానికి విలువుంటుందా" అని సందేహం.

అమ్మా, మీకు కావలసింది ఆ స్నేహితురాలే. మిగతా ముగ్గురూ పనికిరారు. ఆమె దగ్గర గడువున్న ఇండియన్ పాస్‌పోర్టు ఉందో లేదో ఈ రోజే కనుక్కోండి. ఉంటే మీ పని సగం అయిపోయినట్టే.

ఎందుకో చెప్తాను. కాస్త పొడుగవుతుంది. నేను ప్రభుత్వ రంగ బ్యాంకులో బ్రాంచి మేనేజరుగా చేసి రిటైరయ్యాను, బాణసవాడిలో ఉంటాను. మా చుట్టుపక్కల తెలుగు కుటుంబాల్లో ఇద్దరు ముగ్గురి పిల్లలకు పైదేశాల పాస్‌పోర్టులున్నాయి. బ్యాంకులో చేశాడు కాబట్టి ఈయన సంతకం చెల్లుతుందని ఎవరో చెప్పారు. అప్పట్నుంచి ఏ ఫారం వచ్చినా మా ఇంటికే వస్తోంది. సంతకాలు పెట్టాను, కుదరదని వెనక్కీ పంపాను. అందుకని పెట్టించుకునేవాళ్ల వైపు నుంచే కాదు, పెట్టేవాడి వైపు నుంచి కూడా రాస్తున్నాను.

బ్రిటన్ వాళ్ల పాస్‌పోర్టు ఆఫీసు గుర్తించిన వృత్తుల జాబితా ఒకటి ఉంది. చదివితే మొదట నవ్వొస్తుంది. జడ్జీలు, బారిస్టర్లు, సొలిసిటర్లు, పోలీసు అధికారులు, సైన్యాధికారులు, ఎంపీలు, కౌన్సిలర్లు, పర్మనెంటు ప్రభుత్వోద్యోగులు ఉంటారు, అది సరే. టీచర్లు, లెక్చరర్లు, అకౌంటెంట్లు, బ్యాంకు ఉద్యోగులు, నర్సులు, దంతవైద్యులు, మందుల షాపు ఫార్మసిస్టులు, కళ్లద్దాలు అమర్చే ఆప్టీషియన్లు, జర్నలిస్టులు, సోషల్ వర్కర్లు కూడా ఉంటారు. అక్కడితో ఆగదు. విమాన పైలట్లు, ఫైర్ సర్వీసు వాళ్లు, పోస్టాఫీసు ఉద్యోగులు, పూర్తికాలం ఇన్సూరెన్స్ ఏజెంట్లు, వృత్తిగా ఫొటోలు తీసేవాళ్లు, అర్హత ఉన్న ట్రావెల్ ఏజెంట్లు, కార్మిక సంఘం నాయకులు, గుర్తింపు పొందిన మతాల అర్చకులు, పాదరులు, వేలంపాట వాళ్లు, చివరికి అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వ్యాపారులు కూడా. పబ్బు లైసెన్సు ఉన్నాయన సంతకమూ చెల్లుతుంది. బెంగళూరులో మనకు అలాంటివాళ్లు దొరకరని దిగులేమీ లేదు!

ఇందులో మన సాఫ్ట్‌వేర్ జనానికి పనికొచ్చేవి మూడున్నాయి. లిమిటెడ్ కంపెనీలో డైరెక్టరు, మేనేజరు లేదా పర్సనల్ ఆఫీసరు ఒకటి. పర్సనల్ ఆఫీసరంటే ఇప్పుడు మనం హెచ్ఆర్ అంటున్నవాళ్లు. రెండోది, వృత్తిపరమైన అర్హత ఉన్న ఇంజనీరు. మూడోది, ఏదైనా వృత్తి సంస్థలో సభ్యత్వం ఉన్నవాళ్లు. మీ స్నేహితురాలు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో మేనేజరు కాబట్టి మొదటిదాంట్లోనే సరిపోతుంది. వృత్తి గడిలో మేనేజర్ అని రాసి, పక్కన కంపెనీ పూర్తి పేరు, ప్రైవేట్ లిమిటెడ్ అన్న మాటతో సహా రాయించండి. ఉత్త సాఫ్ట్‌వేర్ అని రాస్తే చదివేవాడికి ఏం అర్థమవుతుంది?

ఈ జాబితా కేవలం ఉదాహరణలే. సమాజంలో మంచి పేరున్న మనిషి అయినా సరే అన్న వెసులుబాటు దాని పక్కనే ఉంటుంది. రిటైరైనవాళ్లు కూడా పెట్టొచ్చు. నేను పెట్టింది అలాగే. కానీ పోస్టు పెద్దదో చిన్నదో ఎక్కడా అడగరు. క్లర్కయినా, చీఫ్ జనరల్ మేనేజరైనా వాళ్లకు ఒకటే. మన వాళ్లకు మింగుడుపడనిది ఇదే.

మనకు అలవాటైన పద్ధతి వేరు. సర్టిఫికెట్ల జిరాక్సులు పట్టుకుని ఆకుపచ్చ సిరా సంతకం కోసం కాలేజీ ప్రిన్సిపాల్ ఇంటి ముందు, వెటర్నరీ డాక్టరు గది ముందు నిలబడ్డ తరం మాది. ఆయనకు మనమెవరో తెలియదు, మన పేరు కూడా సరిగ్గా చదవడు. రౌండు సీలు పడితే చాలు, పని అయినట్టే. అంతకుముందు పల్లెల్లో మునసబు, కరణం ఉండేవాళ్లు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ పదవులు తీసేసేదాకా, ఫలానా వాడు ఫలానా వాడి కొడుకే అని చెప్పే నోరు వాళ్లదే. వాళ్లలో మంచీ చెడూ ఉన్నా, ఊళ్లో ప్రతి ఇంటి సంగతీ తెలిసి చెప్పేవాళ్లు. తర్వాత వచ్చిన గజిటెడ్ సంతకంలో ఆ ఎరుక పోయి హోదా ఒక్కటే మిగిలిందని నా అభిప్రాయం.

బ్రిటిష్ వాళ్ల ఫారం మాత్రం హోదాను పట్టించుకోకుండా ఎరుకనే అడుగుతుంది. సంతకం పెట్టే మనిషికి మీతో కనీసం రెండేళ్ల పరిచయం ఉండాలి. పదహారేళ్ల లోపు పిల్లల విషయంలో అయితే, ఫారం మీద సంతకం చేసే తల్లి లేదా తండ్రితో ఆ పరిచయం ఉండాలి. వాళ్ల వృత్తి పని కోసం మీరు వెళ్లి కలిసినంత పరిచయమే అయితే లెక్కలోకి రాదు. స్నేహితులో, ఇరుగుపొరుగో, కలిసి పనిచేసినవాళ్లో అయివుండాలి. రక్తసంబంధం, పెళ్లి సంబంధం ఉండకూడదు, ప్రేమబంధమూ ఉండకూడదు, ఒకే చిరునామాలో ఉండకూడదు. వాళ్ల పాస్‌పోర్టు ఆఫీసులో పనిచేసేవాళ్లు పెట్టకూడదు.

ఇప్పుడు మీ నలుగురి దగ్గరికి వద్దాం.

మీ మామగారు తహసీల్దారుగా ఎన్ని వేల సంతకాలు పెట్టి ఉంటారో! కానీ ఇక్కడ ఆయన పాప తాతగారు, పైగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. రెండు విధాలా కుదరదు. ఆయనతో ఈ మాట నెమ్మదిగా చెప్పండి, పెద్దవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. "మీ సంతకం చాలదన్నారు" అని కాకుండా "ఇంటివాళ్లు పెట్టకూడదట" అనండి. ఉన్న నిజం కూడా అదే.

డాక్టరు విషయంలో చాలామంది బోల్తా పడతారు. వైద్యుల మీద బ్రిటన్ వాళ్లు విడిగా ఒక షరతు పెట్టారు. డాక్టరు మీకు బాగా తెలిసినవాడై ఉండాలి, స్నేహితుడిలాగా. ఫొటో చూడగానే గుర్తుపట్టగలగాలి, ఆ సంగతి ఆయనే చెప్పాలి. టీకాల కోసం మూడు నెలలకోసారి వెళ్లే పిల్లల డాక్టరుకు మీ పేరు ఫైలు చూస్తే గానీ గుర్తురాదు. పాప స్కూలు టీచరు కూడా ఇదే కోవలోకి వస్తుంది. టీచరు అనే వృత్తి జాబితాలో ఉంది, కానీ పేరెంట్స్ మీటింగులో మాత్రమే కలిసే టీచరు మీకు ఉద్యోగరీత్యా తెలిసిన మనిషే. అదే మీ పక్క ఫ్లాట్లో ఉంటూ, సంక్రాంతికి బొమ్మల కొలువు పేరంటానికి పిలుచుకునే వేరే స్కూలు టీచరైతే చక్కగా పనికొస్తుంది. మీ ఖాతా ఉన్న బ్రాంచి మేనేజరు సంగతీ అంతే. నేను సర్వీసులో ఉండగా ఖాతాదారులు ఈ పని మీద వస్తే పెట్టేవాణ్ని కాదు. వాళ్ల బ్యాలెన్సు నాకు తెలుసు, వాళ్లు తెలియదు.

నోటరీ దగ్గర డబ్బు ఖర్చుపెట్టకండి. 1952 నాటి నోటరీల చట్టం కింద ఆయనకున్న అధికారాలు వేరే పనులకు. మీ పక్కన రెండేళ్లు బతికిన మనిషి ఇచ్చే మాటకు ఆయన ఎర్ర సీలు బదులు కాదు. అసలు డబ్బు తీసుకుని పెట్టే సంతకం ఎవరిదైనా సరే, మీరు ఆ మనిషికి తెలియదన్నమాటే.

ఇక స్నేహితురాలు. మీరు బెంగళూరు వచ్చి రెండేళ్లు నిండలేదని మీ భయం. పరిచయం రెండేళ్లది ఉండాలన్నారు గానీ, ఈ ఊళ్లో పరిచయమై ఉండాలనలేదు. కాలేజీ నాటి నుంచీ తెలిసిన మనిషి ఎక్కడున్నా పాత పరిచయమే. ఎన్నేళ్లుగా తెలుసు అన్న చోట ఆ కాలేజీ సంవత్సరం నుంచి లెక్కేసి రాయించండి. యూకే నుంచి తిరిగొచ్చినవాళ్లంతా ఇక్కడే తడబడతారు. అపార్ట్‌మెంట్లో ఎవరున్నారా అని వెతుకుతారు గానీ, పాత స్నేహితుల్ని మరిచిపోతారు. తిరుపతి, అనంతపురం, కడప, నెల్లూరు నుంచి చదువుకున్న బ్యాచిలలో సగం మంది ఈ బెంగళూరులోనే ఉన్నారు కదా.

దీన్నుంచే ఇంకో ఉపాయం. పిల్లల ఫారం మీద తల్లి సంతకం చేయవచ్చు, తండ్రీ చేయవచ్చు. సాక్షికి పరిచయం ఉండాల్సింది ఆ సంతకం చేసిన వాళ్లతోనే. కాబట్టి మీ ఇద్దరిలో ఎవరికి సరైన సాక్షి దొరికితే వాళ్లే ఫారం నింపండి. మీ వారికి తెలిసిన వాళ్లను మీరు తెచ్చుకుని, మీరు తమకు బాగా తెలుసని వాళ్లచేత రాయించుకోవడం అనవసరమైన తలనొప్పి. పాప ఫొటో వెనక కూడా ఆ సాక్షే రాస్తారు గనుక, ఆమె పాపను చూసి ఉండాలి. ఆదివారం ఇంటికి పిలిచి భోజనం పెట్టండి, ఆ పనీ అయిపోతుంది.

ఒకే చిరునామా అన్న నియమం బెంగళూరు ఇళ్ల దగ్గర చికాకు పెడుతుంది. పెద్ద అపార్ట్‌మెంట్లో వేరే ఫ్లాటు నంబరు ఉంటే ఇబ్బంది లేదు. కానీ కింద అద్దెకున్నవాళ్లు, పైన ఓనరు, ఇద్దరికీ ఒకే డోరు నంబరు, ఒకే క్రాసు, ఒకే మెయిన్ అయిన ఇళ్లు ఇక్కడ బోలెడు. ఓనరు ఎంత మంచివాడైనా, ఏ వృత్తిలో ఉన్నా, కాగితం మీద మీరిద్దరూ ఒకే ఇంటివాళ్లలా కనిపిస్తారు. నేనైతే ఓనరు జోలికి పోను.

పాస్‌పోర్టు షరతు అన్నిటికన్నా గట్టిది. బ్రిటన్ లోపల దరఖాస్తు చేసేవాళ్లకు సాక్షి అక్కడే ఉండాలి, బ్రిటిష్ లేదా ఐరిష్ పాస్‌పోర్టు కలిగి ఉండాలి. బయటి దేశాల నుంచి చేసేవాళ్లకు వెసులుబాటు ఇచ్చారు. సాక్షికి బ్రిటిష్, ఐరిష్, యూరోపియన్ యూనియన్ దేశాల, అమెరికా లేదా కామన్వెల్తు దేశాల పాస్‌పోర్టు ఉంటే చాలు. ఇండియా కామన్వెల్తులో ఉంది కాబట్టి మన నీలం రంగు పాస్‌పోర్టు పనికొస్తుంది. కానీ అది గడువులో ఉండాలి. మన దగ్గర అసలు చిక్కు ఇక్కడే. నిజంగా మిమ్మల్ని ఎరిగిన రిటైర్డ్ హెడ్‌మాస్టరుగారు, కిందింటి పోస్టుమాస్టరుగారు ఏనాడూ పాస్‌పోర్టు తీసుకుని ఉండరు. వాళ్ల వృత్తి జాబితాలో ఉన్నా, ఆ నంబరు రాయకపోతే లాభం లేదు. అందుకే మనిషిని ఎంచుకునేటప్పుడు ముందు పాస్‌పోర్టు, తర్వాత పరిచయం, ఆఖర్న ఉద్యోగం చూడండి. మన వాళ్లు ఉద్యోగంతో మొదలుపెట్టి పాస్‌పోర్టు దగ్గర ఆగిపోతారు.

నంబరు ఎందుకంటే, సంతకం పెట్టినవాడు నిజంగా ఉన్నాడో లేడో పట్టుకోవడానికి. వృత్తి అడగడం వెనకా అదే ఆలోచన ఉందని నేననుకుంటాను. టీచరుకు స్కూలుంటుంది, నర్సుకు రిజిస్టరుంటుంది, లాయరుకు బార్ కౌన్సిలుంటుంది. అబద్ధమాడితే పోయే ఉద్యోగమూ, పరువూ ఉంటాయి. ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. 19వ శతాబ్దంలో లండన్ విదేశాంగ శాఖ పాస్‌పోర్టు ఇవ్వాలంటే బ్యాంకరు సిఫారసో, లేదా మేయరు, మేజిస్ట్రేటు, మతగురువు, వైద్యుడు, సొలిసిటరు, నోటరీ లాంటివాళ్లలో ఒకరి ధ్రువీకరణో అడిగేవారు. అప్పట్లో పాస్‌పోర్టుకు ఫొటో లేదు, మాటే ఆధారం. మొదటి ప్రపంచ యుద్ధంలో దొంగ పాస్‌పోర్టులతో గూఢచారులు తిరుగుతున్నారని తేలాక, 1915లో ఫొటో తప్పనిసరి చేశారు. ఆ పాత బ్యాంకరు, ఆ పాత పాదరీ ఇప్పటి జాబితాలో కూడా ఉన్నారు, వాళ్ల వెనక పైలట్లూ ఫొటోగ్రాఫర్లూ చేరారు.

"మరి మన పాస్‌పోర్టుకు ఎవరి సంతకం కావాలి" అని ఈ ప్రశ్న కిందే ఇంకో ఇద్దరు అడిగారు. ఎవరిదీ అక్కర్లేదు. ఇది చాలామందికి ఇంకా తెలియదు, ఏజెంట్లు పాత మాటలే చెప్పి భయపెడుతుంటారు.

ఒకప్పుడు తత్కాల్‌లో, అంటే తొందరగా, పాస్‌పోర్టు తీసుకోవాలంటే వెరిఫికేషన్ సర్టిఫికెట్ అనేది ఉండేది. ఎవరు ఇవ్వాలో ఆ జాబితా చూస్తే మన దేశం ఎవర్ని నమ్ముతుందో తెలిసేది: కేంద్ర ప్రభుత్వంలో అండర్ సెక్రటరీ, ఆ పైవాళ్లు, జిల్లా మేజిస్ట్రేట్లు, ఫస్ట్ క్లాస్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్లు, జిల్లా ఎస్పీలు, సైన్యంలో మేజరు, నౌకాదళంలో లెఫ్టినెంట్ కమాండరు, వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడరు మొదలుకొని పైవాళ్లు, ప్రభుత్వ రంగ సంస్థల జనరల్ మేనేజర్లు, ఇలా. ఈ మనిషి నాకు ఇన్నేళ్లుగా తెలుసు అని ఆ అధికారి లెటర్‌హెడ్ మీద రాసి, తన గుర్తింపు కార్డు కాపీ ఇవ్వాలి. రాజాజీనగర్‌లో దర్జీ పని చేసుకునే మనిషికి అండర్ సెక్రటరీ ఇన్నేళ్లుగా ఎలా తెలుస్తాడు? అందుకని అందరూ ఎవరి ద్వారానో ఎవరినో పట్టుకునేవాళ్లు. మూడు వందల మందికి జీతాలు పంచే బ్రాంచికి మేనేజరునైనా, నా సంతకం మన తత్కాల్‌కు పనికిరాలేదు. బ్రిటిష్ వాళ్ల ఫారానికి పనికొచ్చింది. ఈ మాట చెప్తే మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

2016 డిసెంబరులో విదేశాంగ శాఖ నిబంధనలు సడలించింది. అనుబంధ పత్రాలను 15 నుంచి 9కి తగ్గించింది. వాటిని నోటరీ, మేజిస్ట్రేటు ఎదుట ప్రమాణం చేయనక్కర లేదు, తెల్లకాగితం మీద సొంత సంతకంతో ఇస్తే చాలంది. 2018 జనవరిలో తత్కాల్‌కు ఆ అధికారుల సర్టిఫికెట్టూ పోయింది. దాని స్థానంలో గుర్తింపు పత్రాలు మూడు చూపించాలి. 1967లో సుప్రీంకోర్టు సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో విదేశాలకు వెళ్లడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని తీర్పు చెప్పింది, అదే ఏడాది పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. అంతవరకూ అది సర్కారు ఇష్టం మీద నడిచిన వ్యవహారం. చట్టం వచ్చాక కూడా పెద్దాఫీసరు సంతకం యాభై ఏళ్లు వేలాడింది.

సంతకం పోయినా మనుషుల సాక్ష్యం పూర్తిగా పోలేదు. మన ఫారంలో ఇద్దరి పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు రిఫరెన్సులుగా అడుగుతారు. వాళ్లు ఏ ఉద్యోగంలో ఉన్నారన్నది ఎవరికీ అక్కర్లేదు. పోలీసు వెరిఫికేషన్‌కు వచ్చినప్పుడు, ఈ మనిషి ఇక్కడే ఉంటున్నాడా అని అడిగితే చెప్పగలగాలి. మన పిల్లలు ఏం చేస్తారంటే, కె.ఆర్.పురంలో పీజీలో ఉంటూ, జయనగర్‌లో పేరున్న బాబాయిగారి పేరు రాస్తారు. పోలీసుకు ఆయనతో పనేముంది? పక్క గదివాడో, పీజీ ఓనరో, కింద కిరాణా కొట్టు ఆయనో అయితే ఒక్క ఫోనుతో అయిపోయేది. రాసే ముందు వాళ్లకు చెప్పి రాయండి. "ఎవరో పోలీసులట, నాకు తెలియదని పెట్టేశాను" అన్న రిఫరెన్సు వల్ల ఫైలు వెనక్కెళ్లిన కుర్రాళ్లను చూశాను.

చిరునామా పత్రాల్లో కూడా వృత్తుల మీద నమ్మకం దాగి ఉంది. పేరున్న కంపెనీ తన ఉద్యోగికి లెటర్‌హెడ్ మీద ఇచ్చే ఉత్తరం, ఫొటో అంటించి బ్యాంకు సీలు వేసిన పాస్‌బుక్కు పనికొస్తాయి. హెచ్ఆర్ సంతకం, బ్యాంకు ఆఫీసరు సంతకం వేరే దారిలో వచ్చి ఇక్కడా కూర్చున్నాయి. అందుకే పాస్‌బుక్కు ఫొటో మీద సీలు సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడిందో లేదో చూసుకుని తెచ్చుకోండి.

వేరే దేశాల పిల్లలున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. కెనడా ఒకప్పుడు బ్రిటన్ లాగే వృత్తుల జాబితాతోనే నడిచేది. 2007 అక్టోబరు 1 నుంచి దేశం లోపల దాన్ని వదిలేసి, కెనడా పాస్‌పోర్టు ఉన్న పెద్దవాళ్లెవరైనా గ్యారంటరుగా ఉండొచ్చంది. రెండేళ్ల పరిచయం మాత్రం ఉండాలి. ఇంట్లోవాళ్లయినా పరవాలేదు, బ్రిటన్ వాళ్లకు పూర్తిగా ఉల్టా. నాకు ఇదే తెలివైన పద్ధతి అనిపిస్తుంది. డాక్టరునని ఎవడైనా రాసుకోవచ్చు, పాస్‌పోర్టు నంబరు మాత్రం వాళ్ల కంప్యూటర్లోనే ఉంటుంది. ఆస్ట్రేలియా పన్నెండు నెలల పరిచయం అడుగుతుంది, బంధువులు పనికిరారు. అమెరికాకు ఈ బాధే లేదు. పదహారేళ్ల లోపు పిల్లలకు తల్లిదండ్రులిద్దరూ పిల్లతో కలిసి స్వయంగా వెళ్లాలి, రాలేనివాళ్లు నోటరీ చేసిన అంగీకార పత్రం పంపాలి.

ఇక సంతకం పెట్టేవాళ్ల వైపు మాట. మీ స్నేహితురాలికి ఇది చూపించండి.

నా దగ్గరికి ఎవరైనా ఫారం తెస్తే ముందు పూర్తిగా నింపిందా అని చూస్తాను. ఖాళీ ఫారం మీద పెట్టను, ఎంత తెలిసినవాళ్లయినా సరే. తర్వాత ఫొటో, మనిషి పక్కపక్కన పెట్టి చూస్తాను. ఐదేళ్ల లోపు పిల్లల ముఖం ఆర్నెల్లకోలాగా మారుతుంది, పాత ఫొటో తెస్తే కొత్తది తీయించుకు రమ్మంటాను. "మా కజిన్ కూతురు, పెట్టేయండి అంకుల్, నేను చెప్తున్నాగా" అన్నవాళ్లకు కాఫీ ఇచ్చి పంపించేశాను. మీరు నాకు తెలుసమ్మా, మీ కజిన్ నాకు తెలియదు. బాధపడినవాళ్లు ఉన్నారు. కానీ అబద్ధం చెప్పి పాస్‌పోర్టు తీసుకోవడానికి తోడ్పడితే బ్రిటన్‌లో 1925 నాటి చట్టం ప్రకారం రెండేళ్ల దాకా జైలు. మన 1967 చట్టంలో 12వ సెక్షన్ కింద కూడా తెలిసి తప్పుడు వివరాలిస్తే రెండేళ్ల దాకా జైలో, ఐదు వేల దాకా జరిమానానో, రెండూనో. ఆ కజిన్ మంచిదే అయివుండొచ్చు. కానీ నేను మాటివ్వాల్సింది నాకు తెలిసిన దాని గురించే కదా.

సంతకం పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. నాలాంటి బ్యాంకు వాళ్లకు పొట్టి సంతకం, పెద్ద సంతకం అని రెండుంటాయి, పాస్‌పోర్టులో ఏదుంటే అదే పెట్టాలి. ఫొటో వెనక రాసే వాక్యం, ఇది ఫలానా పాప నిజమైన పోలికే అని ధ్రువీకరిస్తున్నాను అనే అర్థం వచ్చేది, వాళ్ల సూచనల్లో ఇంగ్లిష్‌లో అచ్చేసి ఉంటుంది. ఆ మాటలే, పాప పూర్తి పేరుతో రాయించండి, సొంత వాక్యాలొద్దు. కింద సంతకం, తేదీ. రెండు ఫొటోలు అడిగితే ఒక్కదాని వెనకే రాయాలి. ఫొటో కాగితం మీద మామూలు బాల్‌పెన్ను నొక్కి రాస్తే ముందువైపు గీతలు పడి ముఖం మీద మచ్చలా కనిపిస్తుంది, మెత్తటి పెన్నుతో రాసి ఆరనివ్వండి. సాక్షి పాస్‌పోర్టు ఫొటో పేజీకి కలర్ కాపీ ఒకటి తీసి ఫారంతో పాటు పెట్టుకోండి.

ఫోను నంబరు, ఈమెయిలు తప్పులేకుండా ఉండాలి. యూకే నుంచి సాక్షిని నేరుగా సంప్రదించే అవకాశం ఉంది. తెలియని విదేశీ నంబరు చూసి మోసం కాల్ అనుకుని కట్ చేసేవాళ్లం కదా మనమంతా. అందుకని ముందే చెప్పి ఉంచండి. కొత్త పాస్‌పోర్టు చేతికొచ్చేదాకా ఉద్యోగం మారినా, నంబరు మారినా మీకు చెప్పమనండి. ఇంకోటి, కస్తూర్బా క్రాస్ రోడ్ దగ్గరున్న బ్రిటిష్ డిప్యూటీ హైకమిషన్‌కు వెళ్లి అడుగుదామనుకోకండి, పాస్‌పోర్టు నిర్ణయాలు యూకేలోని పాస్‌పోర్టు ఆఫీసువే.

పాపకు ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఉంటే, కొత్త బ్రిటిష్ పాస్‌పోర్టు వచ్చిన మూడు నెలల్లోపు ఆ పాస్‌పోర్టు కాపీ, కొత్త ఫొటో ఓసీఐ వెబ్‌సైట్‌లో అప్‌లోడ్ చేయాలి. దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు, మీ మామగారిదీ, నాదీ.